మోగని క్యామ్‌షాఫ్టు

పోత ఇనుము అనగానే మూతి ముడిచేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న రాజాంలో ఒక విడిభాగాల దుకాణంలో కూర్చున్నాను. ఎవరో ట్రాక్టరు ఆసామి వచ్చి, కౌంటరు మీదున్న క్యామ్‌షాఫ్టుని వేలికి వేలాడదీసి, తాళంచెవితో తట్టి, "ఇది పోత సరుకు, నాకొద్దు" అని వెళ్ళిపోయాడు. ఆ ఇంజను తయారుచేసినవాళ్ళు దానికి పోత షాఫ్టే పెట్టారు. ఆయనకి మాత్రం మోగలేదు కాబట్టి పనికిరాదు. ఇన్నేళ్ళయినా ఆ తట్టడం పోలేదు మా వైపు.

ఇంటికొచ్చి ఈ కాగితాలు తీశాను. యంత్రాల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. నాకు ఎవరు ఏ హోదా ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో మీకు అనవసరం. నాకు పని నేర్పిన ఒక ఎండాకాలం గురించి చెబుతాను.

అసలు ఆ వస్తువు ఏమిటి

ఇంజను తలలో రెండు వాల్వులుంటాయి. ఒకటి గాలిని లోపలికి రానిస్తుంది, రెండోది పొగని బయటికి పంపుతుంది. అవి వేళకి తెరుచుకోవాలి, వేళకి మూసుకోవాలి. ఆ పని చేయించేది క్యామ్‌షాఫ్టు. చూడడానికి ఒక కడ్డీ, దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులు. మా షెడ్డులో వాటిని గుడ్లనే అనేవాళ్ళం. కడ్డీ తిరుగుతుంటే గుడ్డు కొస దాని మీదున్న టాపెట్టు అనే చిన్న ముక్కని ఎత్తుతుంది, ఆ ఎత్తు వాల్వుని తెరుస్తుంది. కడ్డీకి పెద్ద కష్టమేమీ లేదు. రాపిడంతా గుడ్డు కొస మీదే. అది అరిగిందంటే వాల్వు సరిగ్గా తెరుచుకోదు, ఇంజనుకి ఊపిరాడదు.

అంటే ఈ వస్తువుకి కావలసింది కొసలో గట్టితనం, ఒంట్లో ఓర్పు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. నాకు పట్టుబడేసరికి మాత్రం మా చెల్లెలి చెరకు ఎండిపోయే దాకా వచ్చింది.

గుమ్మానికి కట్టిన గంట

అరవైల ఆఖరు. విజయనగరంలో జోగారావు గారి షెడ్డులో నేను ఫిట్టర్ని. చదువు ఐదో తరగతితో సరి. ఇంజన్లతో పాటు వచ్చే ఇంగ్లీషు పుస్తకాల్లో బొమ్మలు చూసి, బొమ్మ కింద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. షెడ్డు వెనక మాకో చిన్న ఫౌండ్రీ, అంటే ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే చోటు, ఉండేది. చెరకు గానుగలకి రోలర్లు, జూట్ మిల్లులకి విడిభాగాలు పోసేవాళ్ళం. ముందు భాగంలో బావుల మీద పెట్టే డీజిలు ఇంజన్లు బిగించేవాళ్ళం. క్యామ్‌షాఫ్టులు మాత్రం ఎక్కడో దూరం నించి తెప్పించేవారు. అవి ఫోర్జింగువి, అంటే ఉక్కుని ఎర్రగా కాల్చి, అచ్చులో పెట్టి, పెద్ద సుత్తి కింద కొట్టి చేసినవి.

మా వైపు ఇనుము కొనేవాడు ముందు దాన్ని మోగిస్తాడు. గునపం కానీ, గొడ్డలి కానీ, సంతలో తాడుకి వేలాడదీసి తట్టి చూస్తాడు. ఖంగుమంటే కొంటాడు. మొద్దుగా పలికితే అక్కడే వదిలేస్తాడు. తప్పు పరీక్ష అని నేననను. పగులుంటే అది చెబుతుంది. కానీ జోగారావు గారు దాన్ని వ్యాపారం చేశారు. షెడ్డు గుమ్మానికి ఒక క్యామ్‌షాఫ్టు కట్టి, రైతు రాగానే చిన్న సుత్తితో ఒకటి కొట్టేవారు.

"ఇన్నావా? గుడిగంట! మా ఇంజను లోపల గుడిగంట తిరగతాది."

రైతు తల ఊపేవాడు. ఇంజను బండెక్కేది.

అలా మోగించుకుని కొన్నవాళ్ళలో మా బావ సింహాచలం ఒకడు. మా చెల్లెలు నరసమ్మ మొగుడు. రాజాం దగ్గర పల్లె. మెట్టలో బావి తవ్వించాడు, నీళ్ళు పడ్డాయి. అంతకు ముందు గంట్లూ చోళ్ళూ, అంటే సజ్జలూ రాగులూ, పండే చోట, నేను ఇంజను ఇప్పించే ధీమాతో, చెరకు వేశాడు. ఇంజను పని ఎంత బాగుంటుందో వాళ్ళ వాకిట్లో కూర్చుని చెప్పినవాణ్ణి నేనే.

దగ్గిన ఇంజను

మొదటి ఏడు బాగానే నడిచింది. రెండో ఎండాకాలం మొదట్లో బావ షెడ్డుకొచ్చాడు. భుజం మీద తువ్వాలు కూడా తియ్యలేదు.

"ఒరే అప్పలసామీ, నీ ఇంజను దగ్గతన్నాదిరా. నీళ్ళు గొట్టంలోంచి ఉమ్మినట్టు వస్తన్నాయి."

వెళ్ళి విప్పాను. గుడ్డు కొసలు అరిగి చదునైపోయాయి. షెడ్డులో ఉన్న సరుకులోంచే ఇంకో షాఫ్టు తీసుకెళ్ళి వేశాను. పగలూ రాత్రీ నడవడంతో, వేసవి ముదిరేసరికి అదీ అంతే అయింది. ఈసారి బావ రాలేదు. బావ విప్పించిన షాఫ్టు పట్టుకుని నరసమ్మ వచ్చింది.

"అన్నియ్యా, సెరుకు ఆకు ఎర్రబడిపోతన్నాది. ఉత్త మెట్ట మాది. నీ మాట ఇని గంట్లు మానీసి సెరుకేసినాం. మీ బావ నీతో మాటాడనన్నాడు. నాను గూడా ఇదే ఆకరు."

దానికి కోపం వస్తే ఏడవదు. కొంగు బిగించి నిలబడుతుంది. ఆ నిలబడడం చూసి నేను లోపలికెళ్ళి పాత షాఫ్టులు రెండూ బల్ల మీద పడేశాను.

మా ఫౌండ్రీ చూసుకోవడానికి ఆ ఏడే ఒక డిప్లొమా ఆయన చేరాడు. ప్రకాశరావు గారు. సొంతూరు శ్రీకాకుళం, తండ్రి మిషన్ చర్చిలో బోధకుడు. కోపం వచ్చినకొద్దీ గొంతు తగ్గే మనిషి. ఆయన నా చేతికి ఇనుము అరగదీసే ఆకురాయి ఇచ్చి, "గుడ్డు కొస మీద ఒకసారి రుద్దు అప్పలస్వామీ" అన్నారు. రుద్దాను. ఆకురాయి కరిచింది, పొడి రాలింది. గట్టి కొసైతే ఆకురాయి జారిపోవాలి.

ఆయన చెప్పిన సంగతి ఇది. కొట్టిన ఉక్కు దానంతట అది గట్టిగా ఉండదు. షాఫ్టు ఆకారం వచ్చాక కొసల్ని మళ్ళీ కాల్చి, ఠక్కున చల్లార్చి గట్టిపరచాలి, దాన్నే పదును పట్టించడం అంటాం. ఆ పదును పై చర్మం వరకే దిగుతుంది. పంపినవాళ్ళు పదును పలచగా పట్టించారు. ఆ తర్వాత కొలతకి తేవడానికి సానపట్టారు. ఉన్న కాస్త చర్మం అక్కడే పోయింది. లోపలి మెత్తని ఉక్కు మీద టాపెట్టు నడుస్తోంది. గుమ్మానికి కట్టిన షాఫ్టు మాత్రం రోజూ ఖంగుమంటూనే ఉంది. చర్మం ఎంత మందమో మోత చెప్పదు.

సరిగ్గా పదును పట్టించిన షాఫ్టు తెప్పించాలంటే వారాలు పడుతుంది. చెరకు వారాలు ఆగదు.

"మనమే పోద్దాం" అన్నారు ప్రకాశరావు గారు.

జోగారావు గారు కుర్చీలోంచి లేచారు. "పోత క్యాంషాప్టా? కుండలు సేసినట్టు? నవ్వుతారయ్యా నన్ను సూసి!"

"ఇప్పుడు ఏడుస్తున్నారు కదండీ" అన్నారు ఈయన, ఇంకా తగ్గిన గొంతుతో.

జోగారావు గారు నరసమ్మ వైపు చూశారు. అది కదల్లేదు. చివరికి ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "పొయ్యండి. బాగా రాకపోతే మీ ఇద్దరూ ఆ గుమ్మంలో నిలబడి వచ్చినోడికల్లా జవాబు సెప్పండి. నాను సెప్పను." ఒప్పుకోవడం ఇష్టం లేకుండానే ఒప్పుకోగలిగే యజమాని దొరకడం అదృష్టం. నాకు దొరికాడు.

పోసిన తీరు

ఇక్కడ నిదానంగా చదవండి.

కర్రతో షాఫ్టు నమూనా చేయించాం. దాన్ని ఇసుకలో నొక్కి అచ్చు తీశాం. గుడ్డు కొసలు వచ్చే చోట మాత్రం ఇసుకకి బదులు ఇనుప బిళ్ళలు పెట్టాం. కరిగిన ఇనుము పోసినప్పుడు ఇసుక తగిలిన చోట మెల్లగా చల్లారుతుంది. బిళ్ళ తగిలిన చోట వేడిని బిళ్ళ లాగేసుకుంటుంది, ఇనుము ఠక్కున గడ్డకడుతుంది. అలా గడ్డకట్టిన చోట ఇనుము తెల్లగా, గాజంత గట్టిగా తయారవుతుంది. మెల్లగా చల్లారిన మిగతా కడ్డీ బూడిద రంగులో, లేతు యంత్రం మీద తేలిగ్గా తెగేంత సౌమ్యంగా ఉంటుంది. ఒకే పోతలో రెండు స్వభావాలు. మళ్ళీ కాల్చడం లేదు, పదును పట్టించడం లేదు. గట్టితనం పుట్టుకతోనే వస్తుంది, అదీ కావలసిన చోటే, బాగా లోతుగా.

మొదటి పోతలన్నీ పారేశాం. బిళ్ళల మీద తుప్పుంది, కొసల్లో బుడగలొచ్చాయి. బిళ్ళల్ని తళతళలాడేలా రుద్ది, తడి లేకుండా వేడిచేసి పెట్టాక కుదిరింది. పోతకి కరిగించే మంచి దిమ్మ ఇనుము దొరకడమే ఒక యజ్ఞం ఆ రోజుల్లో. నేను దాని కోసం కొత్తవలస వెళ్ళి స్టేషన్లో కూర్చుంటే, కొత్తగా వేసిన కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం బళ్ళు వరసగా ఓడరేవుకి పోతుండేవి. కొండలకి కొండలు పరాయి దేశానికి పోతుంటే, ఇక్కడ పిడికెడు ఇనుము కోసం నేను దేబిరిస్తున్నాను. ఆ మంట నాకు తగ్గలేదు, తగ్గదు.

కుదిరిన షాఫ్టుని లేతు మీద పెట్టినప్పుడు నాకు ఇంకో సంగతి తెలిసింది. ఫోర్జింగు దిమ్మ వస్తే దాన్ని తురిమి తురిమి ఆకారానికి తేవాలి, సగం ఇనుము పొడై నేల మీద పడుతుంది. పోతది అచ్చులోంచే దాదాపు తన ఆకారంతో వచ్చింది. కాస్త చెక్కి, కొసలు సానపడితే చాలు.

బావ తీర్పు

బావకి కబురంపాం. మాట్లాడనన్నవాడు వచ్చాడు, నాతో మాట్లాడకుండా నిలబడ్డాడు. ప్రకాశరావు గారు కొత్త షాఫ్టు చేతికిచ్చారు. బావ చేసిన మొదటి పని దాన్ని తాడుకి కట్టి తట్టడం.

టక్.

గుమ్మానికున్న దాన్ని తట్టాడు. ఖంగ్‌మని వీధి చివరికి వినబడింది. మళ్ళీ కొత్తది. టక్.

"బాబూ, ఇది ఇనుమేనా? కుండపెంకు నాగ పలకతన్నాది."

"మోగకపోవడమే దీని గుణం మావయ్యా" అన్నారు ప్రకాశరావు గారు. "దెబ్బని లోపలే మింగేస్తుంది, అదురుని దాచుకుంటుంది. ఆ మోగేది అదురుతూనే ఉంటుంది."

"అదరనీ. అదిరితే బతికున్నట్టు."

వాదన పెట్టుకోకుండా ఆయన ఆకురాయి బావ చేతిలో పెట్టారు. బావ అరిగిన ఉక్కు షాఫ్టు గుడ్డు మీద రుద్దాడు, పొడి రాలింది. కొత్తదాని గుడ్డు కొస మీద రుద్దాడు, ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది. ఇంకా గట్టిగా రుద్దాడు. జారింది. కడ్డీ మీద రుద్దాడు, అక్కడ కరిచింది. అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు.

"ఏటిరా ఇది, ఒకే ముక్కలో రెండు రకాలున్నాయి?"

"అవును బావా."

"ఇరిగితే?"

"కింద పడేస్తే ఇరుగుతాది. నువ్వు పడెయ్యకు."

నేను మర్నాడొచ్చి ఇంజనులో బిగిస్తానన్నాను. షాఫ్టు తానే పట్టుకెళ్తానని తీసుకెళ్ళాడు. మర్నాడు నేను బయల్దేరక ముందే బావ మళ్ళీ గుమ్మంలో ఉన్నాడు, గోనెలో రెండు ముక్కలతో, వెనక నరసమ్మతో. బస్సు టాపు మీద, బస్తాల మధ్య గునపం పడేసినట్టు పడేశాడట. రాజాంలో దింపుతుంటే జారి రాతి మీద పడింది. ఉక్కు షాఫ్టుల్ని ఏళ్ళ తరబడి అందరూ అలాగే మోశారు. ఎవరికీ ఏమీ కాలేదు.

"సెప్పినాను గదా కుండపెంకని!" షెడ్డులో ఉన్న రైతులందరికీ వినబడేలా అరిచాడు. "నా సెరుకు నాశనం సేసీడానికి అన్నాసెల్లెలు ఇద్దరూ కూడబలుక్కున్నారు."

జోగారావు గారి మొహం నల్లబడింది. కొనడానికి వచ్చిన ఇద్దరు మెల్లగా లేచారు. "ఆపీండి ఈ పోతలు" అన్నారాయన.

ప్రకాశరావు గారు మాత్రం ముక్కలు రెండూ వెలుగులోకి పట్టుకెళ్ళి చూస్తున్నారు. షాఫ్టు సరిగ్గా ఒక గుడ్డు పక్కనించి ఏటవాలుగా విరిగింది. "ఇలా రండి" అన్నారు. అందరం వంగి చూశాం. విరిగిన మొహం మీద, గుడ్డు కొస దగ్గర, చిటికెనవేలి గోరు వెడల్పంత మందాన తెల్లటి అంచు, వెండి సూదులు పేర్చినట్టు. లోపలికి పోయేకొద్దీ బూడిద రంగు. పక్కన అరిగిన ఉక్కు షాఫ్టు పెట్టారు. దాని గట్టి చర్మం కాగితమంత కూడా మిగల్లేదు.

బావ ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. తెల్లటి అంచు మీద గోరు పెట్టి గీశాడు.

"తిరగేసిన కొబ్బరికాయ నాగుందిరా" అన్నాడు. అరుపు లేదు గొంతులో. "ఇంత లోతుందా?"

"అది అరిగేసరికి నీకు మనవలు పుడతారు మావయ్యా" అన్నారు ప్రకాశరావు గారు.

జోగారావు గారు నా వైపు తిరిగారు. "ఇంకోటుందా?" ఉంది, అదే పోతలో వచ్చింది. ఆయన గుమ్మం దగ్గరికెళ్ళి, గంటలా కట్టిన షాఫ్టు తాడు తనే విప్పేశారు. ఎవరూ అడగలేదు. "ఇదీ అట్టుకెళ్ళు. నా గుమ్మంలో మోగకూడదిక" అని బావ గోనెలో వేశారు. కొనడానికి వచ్చిన రైతులు చూస్తుండగా చేశారు. తన దుకాణం అబద్ధం ఆడిందని నోటితో చెప్పలేని మనిషి చేత్తో చెప్పాడు. ఆయన దగ్గర తిన్న తిట్లన్నీ నేను ఆ రోజుతో మరిచిపోయాను.

రెండో షాఫ్టు మాత్రం బావ చేతికివ్వడానికి నరసమ్మ ఒప్పుకోలేదు. తనే తీసుకుంది. పాత చీర మడతల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. నేనూ బావా వెనక సీట్లో. కండక్టరు పసిబిడ్డ అనుకుని వంగి చూశాడు.

"ఏటమ్మా, గుంటడా? గుంటా?"

"గుంటడే."

"ఏడవడేటి?"

"మా గుంటడు పలకడు బాబూ. పని సేస్తాడు."

బావకి నవ్వు ఆగలేదు. చాలా వారాల తర్వాత విన్నాను ఆ నవ్వు. సాయంత్రానికి షాఫ్టు బిగించాను, దానికి తగ్గ పోత టాపెట్టులతో సహా. చక్రం తిప్పితే ఇంజను దగ్గకుండా అందుకుంది. నీళ్ళు గొట్టం నిండా వచ్చాయి. నరసమ్మ కాలవ గట్టున నిలబడి, నీళ్ళు చెరకు మొదట్లోకి పోయే దాకా చూసింది. నేను వెళ్ళబోతుంటే, "అన్నియ్యా, అన్నం తినీసెళ్ళు" అంది.

మీకు చెప్పదలచింది

నన్ను పోత ఇనుము భక్తుణ్ణి చెయ్యకండి. ఇంజను చక్రాన్ని తిప్పే క్రాంకు షాఫ్టు మెలి తిరిగే బలాన్ని భరించాలి, అది కొట్టిన ఉక్కే కావాలి అనే రోజులు చాలా చూశాను. బరువు లారీల్లో, టాపెట్టుకి బదులు చక్రం దొర్లే ఇంజన్లలో, బాగా పదును పట్టించిన ఉక్కు క్యామ్‌షాఫ్టుకి దాని చోటు దానికుంది. పోత షాఫ్టు వంగితే సుత్తితో సరిచెయ్యకండి. విరుగుతుంది, విరిగాక దాన్ని తిట్టకండి. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి పెట్టండి.

కానీ మామూలు ఇంజనులో, జారే టాపెట్టు కింద, పోత గుడ్డు కొస అరిగినంత మెల్లగా మరొకటి అరగడం నేను చూడలేదు. ఆ ఇనుములో సన్నటి సీసపు పెన్సిలు పొడి లాంటిది కలిసి ఉంటుంది. అది నూనెని పట్టి ఉంచుతుంది, రాపిడిని ఓర్చుకుంటుంది. పెద్ద సుత్తులు, పెద్ద కొలుములు లేని మాలాంటి ఊళ్ళు కూడా మంచి వస్తువు చెయ్యగలిగాయంటే పోత వల్లే. ఏది బలమైనదని అడగడం మానండి. ఏ పనికి, ఏ చోట, దేని పక్కన అని అడగండి. నాకు ఈ ప్రశ్న నేర్పినవారు ప్రకాశరావు గారు. ఆ తర్వాత ఆయన వేరే ఊరు వెళ్ళిపోయారు. ఉన్నన్నాళ్ళూ నా చేతిలో ఆకురాయి పెట్టి, జవాబు నన్నే వెతుక్కోనిచ్చారు. చదువుకున్నవాళ్ళలో అలాంటివారు కొందరుంటారు. దొరికితే వదలకండి.

చివరికి

చాలా ఏళ్ళకి, బావ బావి మీదికి కరెంటు మోటారు వచ్చింది. పాత ఇంజను అమ్మేసే ముందు ఒకసారి విప్పమన్నాడు. విప్పాను. క్యామ్‌షాఫ్టు బయటికి తీసి, నూనె తుడిచి, కొస మీద వేలు పెట్టాను. నల్లటి మెరుపు. కొసలో కొసదనం అలాగే ఉంది. బావ అడక్కుండానే తీసుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, తాడుకి కట్టి తట్టాడు.

టక్.

"ఇంకా మాటాడడురా ఈడు" అన్నాడు.

అప్పుడే ఇంటి వైపునించి ఖంగుమని మోత వినబడింది. నేను తల తిప్పి చూశాను. దూరంగా, వంటింటి చూరుకి జోగారావు గారి గుమ్మంలోని ఉక్కు షాఫ్టు వేలాడుతోంది. చెరకు తోటలో ఉన్న మొగుణ్ణి అన్నానికి పిలవడానికి నరసమ్మ అన్నేళ్ళూ దాన్నే కొడుతోందట. ఆ పల్లెంతా దానికి అలవాటు పడిపోయింది.

"మంచి ఉక్కురా అది" అన్నాడు బావ, పోత షాఫ్టుని తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుంటూ. "ఎంత దూరమైనా ఇనబడతాది. దాని పని అదే. నడు, కూర సల్లారిపోతాది."

ఇంజను అమ్మేశాడు. ఆ షాఫ్టు మాత్రం అమ్మలేదు.